రథాన్ని ఎరిగిన సారథి

వస్తువును సంపాదించడం ఒక ఎత్తు, దానిని నిలుపుకోవడం మరొక ఎత్తు. తన కంటే ముందు పుట్టి, తన తరువాత కూడా ఉండదగిన వస్తువు చేతికి వచ్చినప్పుడు మనిషి దానితో ఎలా మెలగాలి? చూడబోతే ఇది లౌకికమైన ప్రశ్న. లోతుకు పోతే ఇందులో మమకారానికీ సేవకూ ఉన్న భేదం కనిపిస్తుంది. ఎంతవరకు చేయి పెట్టాలి, ఎక్కడ చేయి తీయాలి అనే వివేకం కూడా ఇందులోనే ఉంది.

కడప జిల్లా తుమ్మలపల్లె పేరు చెప్పగానే నేటివారికి యురేనియం గని గుర్తుకు వస్తుంది. ఆ పల్లెకు అనతిదూరంలో, పాపఘ్ని నది కొండలను చీల్చుకొని సాగే గండి క్షేత్రంలో వీరాంజనేయస్వామి వెలసి ఉన్నాడు. శ్రీరాముడు తన బాణాగ్రంతో అక్కడి శిలపై ఆంజనేయుని రూపాన్ని గీశాడని స్థలపురాణం. ఆ రేఖలలో చిటికెనవేలు మాత్రం విడివడలేదట. కాలాంతరంలో వ్యాసరాయలవారు ఆ రేఖలను అనుసరించి మూర్తిని మలిచి, మిగిలిన ఆ వేలిని కూడా విడదీయబోగా శిల నుండి రక్తం స్రవించిందని, అంతట ఆయన ఉలిని పక్కన పెట్టారని భక్తులు చెప్పుకుంటారు. చెక్కగల సామర్థ్యం ఉన్నా, చెక్కకూడని చోటును గుర్తించి ఆగిపోవడం ఆ కథలోని సారం. అసంపూర్ణంగా కనబడినది లోపం కాకపోవచ్చు. అది మూలకర్త చేతిగుర్తు కావచ్చు.

ఇటువంటి వివేకమే పాత మోటారు కార్ల లోకానికీ అవసరం. ఆ లోకంలో విశేష గౌరవం పొందిన ఒక ఆంగ్లేయుని స్మరించుకోవడం జిజ్ఞాసువులకు అప్రస్తుతం కాబోదు. ఆయన సెసిల్ క్లట్టన్ (1909–1991). మిత్రులకు మాత్రం ఆయన ఎప్పుడూ ‘సామ్’.

ఇంగ్లండులో 1934లో వింటేజ్ స్పోర్ట్స్ కార్ క్లబ్ ఏర్పడింది. ఆనాటికి ఆ సభ్యులు ప్రేమించిన కార్లు పురాతన వస్తువులు కావు, పాతబడిన కార్లు మాత్రమే. ఆర్థిక మాంద్యం వచ్చి, ధర తగ్గించి ఎక్కువ సంఖ్యలో తయారుచేసే పద్ధతి బలపడిన తరువాత కార్ల నిర్మాణంలో పూర్వపు నిజాయితీ సన్నగిల్లిందని వారి విశ్వాసం. అందుకే 1930 చివరి నాటికి తయారైన వాటికే ‘వింటేజ్’ అనే పేరు చెల్లుతుందని హద్దు గీశారు. క్లబ్బును స్థాపించినవారు గొప్ప ధనవంతులు కారు. తక్కువ వెలకు దొరికే పాత కారును స్వహస్తాలతో బాగుచేసుకొని, కొండదారులలో, బురదలో, పందెపు బాటలలో నడపాలనుకున్నవారు. మెరుగుపెట్టి కొలువులో నిలిపి ప్రశంసలు అందుకోవడం కంటే, చేసిన పనికి తగినట్లుగా కారును నడపడమే దానికి చేసే మర్యాద అని ఆ సంప్రదాయం. క్లట్టన్ ఆ సంప్రదాయానికి తొలినాళ్ల నుండి స్తంభమై నిలిచి, 1950లలో క్లబ్బుకు అధ్యక్షత కూడా వహించారు. జాన్ స్టాన్‌ఫర్డ్‌తో కలిసి 1954లో వెలువరించిన ‘ది వింటేజ్ మోటార్ కార్’ అనే గ్రంథం ఆ విద్యకు ఒక ఆధారమైంది.

ఆయన పేరుతో విడదీయరాకుండా ముడిపడిన కారు 1908 నాటి ఇటాలా. ఇటలీ దేశపు ఆ సంస్థ కీర్తి అప్పటికే లోకమంతా పాకింది. 1907లో పెకింగ్ నుండి పారిస్ వరకు జరిగిన మహాయాత్రలో బోర్గీసే యువరాజు జూన్ 10న బయలుదేరి ఆగస్టు 10న గమ్యం చేరినది ఇటాలా కారులోనే. ఆ మరుసటి ఏడు ఫ్రాన్సులోని గ్రాండ్ ప్రీ పందెం కోసం తయారైన కార్లలో ఒకటి కొన్నేళ్లకు క్లట్టన్ చేతికి చేరింది. నాలుగు సిలిండర్లు, దాదాపు పన్నెండు లీటర్ల ఇంజను. అంటే ఒక్కొక్క సిలిండరు మూడు లీటర్ల పరిమాణం. ఇటువంటి ఇంజనును ముందు హ్యాండిల్ తిప్పి మేల్కొలపాలి. నిప్పురవ్వ పడే సమయాన్ని చేతి లివరుతో వెనక్కి జరపకుండా తిప్పితే హ్యాండిల్ ఎదురుతన్ని మణికట్టును విరుస్తుంది. దానిని నడపాలంటే బలం కంటే ముందు దాని స్వభావం తెలియాలి. అటువంటి కారును క్లట్టన్ ఏళ్ల తరబడి పందెపు బాటలలో ఉత్సాహంగా నడిపారు.

ఇక్కడ ఒక ప్రశ్న ఉదయిస్తుంది. పాత కారులో చక్రాలు మారతాయి, ఊచలు మారతాయి, తోలు చిరుగుతుంది, పిస్టన్లు అరుగుతాయి. నడిపేకొద్దీ ఒక్కొక్క భాగమే రాలిపోయి కొత్తది వచ్చి చేరుతుంది. అయినప్పటికీ అది ‘అదే కారు’ ఎలా అవుతుంది? పాత కార్ల క్లబ్బులలో తరచు తలెత్తే వివాదం ఇదే. ఈ ప్రశ్న భారతదేశానికి కొత్త కాదు. యవనరాజు మిళిందుడు రథమెక్కి రాగా నాగసేన భిక్షువు అడిగినది ఇదే: చక్రం రథమా? ఇరుసు రథమా? నొగ రథమా? ఏదీ కానప్పుడు రథమన్నది ఒక పేరు మాత్రమేనని బౌద్ధుల తీర్పు. కఠోపనిషత్తు రథాన్ని మరొక దిక్కు నుండి చూసింది. శరీరం రథం, ఇంద్రియాలు గుర్రాలు, మనస్సు కళ్లెం, బుద్ధి సారథి, ఆత్మ రథికుడు. అవయవాల లెక్క చూస్తే రథం ఎక్కడా దొరకదు. ఎవరికోసం, ఎటు పోవడానికి అని అడిగినప్పుడే దానికి అర్థం ఏర్పడుతుంది.

ఈ దృష్టితో చూస్తే కారు యజమాని వేరు, కారును ఎరిగినవాడు వేరు. యజమానికి పత్రం ఉంటుంది. ఎరిగినవానికి ఏ శబ్దం సహజం, ఏ శబ్దం రోగం, ఏ మార్పు చికిత్స, ఏ మార్పు హత్య అనే వివేచన ఉంటుంది. శరీరంలో బుద్ధికి ఏ స్థానం ఉన్నదో అటువంటి క్లబ్బులో నిపుణునికి ఆ స్థానం. గుర్రాలు ఎంత బలిసినా సారథి లేని రథం గోతిలో పడుతుంది. ధనం ఎంత ఉన్నా ఎరిగినవాడు లేని చోట పాత కారు రెండు రకాలుగా చస్తుంది. తుప్పుపట్టి చావడం ఒకటి. మితిమీరిన మెరుగుతో తన ముఖాన్నే పోగొట్టుకోవడం రెండవది.

తెలుగునాట ప్రసిద్ధమైన ఒక కారు ఈ సందర్భంలో తలపుకు వస్తుంది. హైదరాబాదు ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ రోల్స్ రాయిస్ సంస్థ వారి సిల్వర్ గోస్ట్ కారును సింహాసనంతో సహా చేయించదలచారు. 1911 ఆగస్టులో ఆయన కాలధర్మం చెందారు. కోరిన ప్రభువు కూర్చోకముందే ఆసనం ఖాళీ అయింది. తరువాతి నిజాం కాలంలోనూ ఆ పసుపుపచ్చ కారు ఉత్సవాలకే పరిమితమై, నడిచిన దూరం కంటే నిలిచిన కాలమే ఎక్కువగా గడిపింది. నేటికీ చౌమహల్లా ప్యాలెస్‌లో దానిని చూసి జనం అబ్బురపడతారు. దాని సౌందర్యంలో కొరతేమీ లేదు. కాని అది రథికుని కోసం ఎదురుచూసిన రథం. పందొమ్మిది వందల ఎనిమిది నాటి ఇటాలా మాత్రం సారథి దొరికిన రథం.

క్లట్టన్ విజ్ఞత కార్లతో ఆగలేదు. చర్చిలలో గాలితో పలికే పెద్ద ఆర్గాన్ వాద్యాలను గురించి ఆస్టిన్ నైలాండ్‌తో కలిసి 1963లో ‘ది బ్రిటిష్ ఆర్గాన్’ వెలువరించారు. పాత గడియారాలను సేకరించి, పరిశీలించి, జార్జ్ డేనియల్స్‌తో కలిసి 1965లో ‘వాచెస్’ అనే గ్రంథాన్ని ప్రకటించారు. ఆర్గాన్‌కు ప్రాణం వాయువు. గడియారానికి విషయం కాలం. కారుకు ధర్మం గతి. ప్రాణం, కాలం, గతి అనే ఈ మూడింటినీ లోహంలోనూ కొయ్యలోనూ పట్టుకున్న పూర్వుల నేర్పును ఒకే మనిషి ఒకే శ్రద్ధతో చదివారు.

ఇందులో అన్నింటికంటే ఆలోచించదగినది డేనియల్స్ (1926–2011) కథ. ఆయన లండనులో పేదరికంలో పెరిగి, గడియారాలు బాగుచేస్తూ జీవించినవారు. పాత కార్ల మీది ప్రీతి ఆయనను క్లట్టన్ సమీపానికి చేర్చింది. క్లట్టన్ ఆయనకు బ్రెగే అనే మహాశిల్పి చేసిన గడియారాలను పరిచయం చేశారు. ఆ దర్శనంతో డేనియల్స్ దృష్టి మారింది. ఇతరుల పనిని బాగుచేయడంతో ఆగక, మొత్తం గడియారాన్ని స్వహస్తాలతో నిర్మించే సాహసానికి ఆయన పూనుకున్నారు. ఆయన చేసిన తొలి గడియారాన్ని కొన్నది క్లట్టనే. తరువాత డేనియల్స్ కనుగొన్న కో-ఆక్సియల్ ఎస్కేప్‌మెంట్ గడియారపు గుండెలో రాపిడిని తగ్గించే కొత్త ఏర్పాటు. ఎన్నో ఏళ్ల నిరీక్షణ తరువాత 1999లో ఒమేగా సంస్థ దానిని తన గడియారాలలో ప్రవేశపెట్టింది. ఇటాలా కారు కూడా కాలక్రమంలో డేనియల్స్ చేతికే చేరింది.

పాతదానిని కాపాడేవారు కొత్తదానికి శత్రువులని లోకంలో ఒక అపోహ. ఈ ఇద్దరి చరిత్ర దానికి సమాధానం చెబుతుంది. పాతదానిని లోతుగా ఎరిగిన చోటనే కొత్తది మొలకెత్తింది. గురువు తన సొత్తును చూపడంతో తృప్తిపడక, చూడటం ఎలాగో నేర్పినప్పుడు పరంపర ఏర్పడుతుంది. ఈశావాస్యోపనిషత్తు త్యాగంతో అనుభవించమన్నది. వస్తువును కొంతకాలం అప్పగింతగా పుచ్చుకొని, దాని మర్యాదకు తగినట్లు వాడి, తగినవానికి అందించి తప్పుకోవడం ఆ ఉపదేశానికి ఒక లౌకిక రూపం. క్లట్టన్ ఉపనిషత్తులు చదివారో లేదో అన్నది ఇక్కడ ప్రధానం కాదు. ధర్మం ఆచరణలో ఉన్న చోట దానిని గుర్తించడం జిజ్ఞాసువు పని.

నిపుణుడు పోయినప్పుడు పోయేది ఒక్క మనిషి మాత్రమే కాదు. పుస్తకంలో రాయగలిగినంత పుస్తకంలో మిగులుతుంది. చెవి ఎరిగినది, వేళ్లు ఎరిగినది శిష్యుని చెవిలోకి, వేళ్లలోకి దిగకపోతే చితితోనే పోతుంది. ఈ నష్టం ఇంగ్లండుకే పరిమితమైనది కాదు. ఒంటిమిట్ట మొదలుకొని రాయలసీమ ఆలయాలలో ఏటేటా రథోత్సవాలు జరుగుతాయి. తాడు పట్టడానికి వేలమంది పోటీపడతారు. చక్రం పక్కన నడుస్తూ, ఇరుసు మూలుగు విని, ఏ క్షణాన ఏ చక్రం కింద చెక్కముక్క పెడితే అంతటి రథం మలుపు తిరుగుతుందో తెలిసినవారు కొద్దిమందే ఉంటారు. వారిలో ఎక్కువమంది నడివయస్సు దాటినవారు. వారి వెనుక నడిచే పిల్లవాడు ఉన్నాడా లేదా అన్నదే ఆ రథం ఎన్నేళ్లు కదులుతుందో నిర్ణయిస్తుంది.

భక్తుడు తాడు పట్టినందుకు పుణ్యం పొందుతాడు. అందులో సందేహం లేదు. ఆ తరువాత ఒక్కసారి చక్రం దగ్గరకు వెళ్లి, అక్కడ వంగి నిలిచిన వృద్ధుని పక్కన కాసేపు నిలబడి, ఆయన వింటున్నది ఏమిటో అడిగి తెలుసుకుంటే, అది రథసేవలో మరొక మెట్టు అవుతుంది.