తెల్ల పొట్ట షామాగారు

విశాఖలో అండమాన్ ఓడ ఎక్కుతున్నారా? పోర్ట్ బ్లెయిర్‌కి శ్రీవిజయపురం అని పేరు మార్చారు కానీ నా నోటికింకా పాత పేరే వస్తోంది, ఏమనుకోకండి. సెల్యులర్ జైలు ఎలాగూ చూస్తారు. ఒక పొద్దున మాత్రం ఊరికి దక్షిణాన ఉన్న చిడియా టాపు అడవికి అట్టేపెట్టుకోండి. అక్కడ అండమాన్ షామా అని ఒక గాయకుడున్నాడు. ఆ దీవుల్లో తప్ప లోకంలో ఇంకెక్కడా దొరకడు.

షామాని పట్టేది ముందు చెవి, తర్వాతే కన్ను. తెల్లవారుతూనే నీడ పొదల్లోంచి గొంతెత్తుతాడు, పక్క పిట్టల కూతలు కూడా మధ్యలో కలిపేస్తాడు. అయినా వెంటనే ‘అదిగో షామా’ అనేయకండి. తోక చివర రెండు పొడుగాటి తీగలు వేలాడేసుకు తిరిగే ఏట్రింత కూడా పరగొంతులు పలకడంలో ఘనుడే!

కనబడ్డాక రెక్క చూడండి. నల్ల రెక్క మీద తెల్ల చార ఉంటే అది మన దొడ్లో తిరిగే పెద్ద నలంచి, అండమాన్‌లోనూ ఉంటుంది. షామా రెక్కకి చార ఉండదు. తెలుపంతా నడుము మీద, పొడుగాటి తోక అంచుల్లో. ఇక అసలు గుర్తు పొట్ట. మన తూర్పు కనుమల షామాకి పొట్టంతా ఇటుకరంగు. ఈయనది తెల్లటి పొట్ట. ఆ ఎరుపు తోక మొదట్లో, కిందివైపున మిగిలింది. 1858లో ఎడ్వర్డ్ బ్లైత్ దీనికి పేరు పెట్టాడు. తర్వాత చాలాకాలం పుస్తకాల్లో మన షామాలోనే ఒక రకంగా ఉండిపోయింది. వేరే జాతి అనడమే సబబని నా ఓటు.

నాకు ముచ్చటేసేది ఆవిడ సంగతి. మన కనుమల్లో ఆడ షామా బూడిదరంగులో వెలవెలబోతుంది. అండమాన్ ఆవిడ మాత్రం ఇంచుమించు మగవాడి వేషమే వేసుకుంటుంది, కాస్త వెలిసిన నలుపులో. దీవి పిట్టల్లో ఆడా మగా తేడా ఇలా చెరిగిపోవడం తరచు కనిపించేదే.

అన్నట్టు, 1889లో జర్మనీలో లుడ్విగ్ కోఖ్ అనే ఎనిమిదేళ్ల కుర్రాడు మైనపు గొట్టం మీద పంజరంలోని షామా పాట పట్టాడు. తెలిసినంతలో తొలి పిట్టపాట రికార్డింగు అదే. అలాంటి పాటలిప్పుడు అందరి ఫోన్లలోనూ ఉన్నాయి. దయచేసి అడవిలో మోగించకండి. పోటీదారుడు తన చోటుకొచ్చాడనుకుని, మేత మానేసి, గూడున్న తొర్ర వదిలేసి పోట్లాటకొస్తాడు. కాసేపు ఊరికే నిలబడండి, ఆయనే పాడతాడు.