ఆరె, ఇటుక, వడ్డీ

"ఈ పిల్లలకి మాటలే రావు మాస్టారూ, ఇంక చదువేం వస్తుంది?" ఈ మాట నేను పనిచేసిన మూడు బళ్లలోనూ విన్నాను. అన్నవాళ్లు చెడ్డవాళ్లేం కాదు. టీ తాగుతా, జాలిగానే అంటారు. తిట్టయితే తిరిగి తిట్టొచ్చు. జాలికి ఏం జవాబు చెప్పాలి?

మాటలు రావంట! మిరపకోతలప్పుడు మా పల్లె పిల్లల్ని కళ్లం దగ్గర చూడాలి. తాలుకాయ ఏదో, మేలుకాయ ఏదో ఏడేళ్ల పిల్ల చెబుద్ది. డప్పు ఎంత కాగితే ఎట్లా పలుకుద్దో, సిర్ర ఏ చేత పట్టాలో, సిటికెన పుల్ల ఏ చేత పట్టాలో చెబుద్ది. ఆ పిల్లే బడికొచ్చి చేతులు కట్టుకుని మూగదై కూర్చుంటుంది. గోడమీద చార్టులో ఋ దగ్గర ఋషి, ఐ దగ్గర ఐరావతం, య దగ్గర యజ్ఞం. వీటిలో ఒక్కటీ మా పల్లెలోకి ఎప్పుడూ రాలేదు. ఊళ్లో యజ్ఞం జరిగినా మమ్మల్ని పిలిచింది లేదు.

నేనూ అట్లాంటి చార్టు కింద కూర్చున్నవాణ్ణే. మా ఇంట్లో డిగ్రీ దాకా పోయింది నేనే మొదలు. మా అమ్మ బేల్దారి పనికి పోయేది. టెట్‌కి చదివేటప్పుడు గైడులో 'స్కాఫోల్డింగ్' అని ఒక మాట వచ్చింది. పిల్లవాడు ఒంటరిగా చేయగలిగేది ఒకటి ఉంటుంది, తెలిసినవాళ్లు పక్కనుంటే చేయగలిగేది ఇంకొంచెం పైన ఉంటుంది, ఆ మధ్య జాగాలోనే చదువు సాగుద్దని రష్యాలో వైగోట్‌స్కీ చెప్పాడు. 1934లో 37 ఏళ్లకే క్షయతో పోయాడు. ఆ జాగాలో పెద్దవాళ్లు ఇచ్చే ఆసరాకి 1976లో బ్రూనర్, ఆయన తోటివాళ్లు పెట్టిన పేరు స్కాఫోల్డింగ్. గైడులో దానికి నాలుగు లైన్ల నిర్వచనం. ఎన్నిసార్లు చదివినా నాకు ఎక్కలేదు. నిఘంటువు తీస్తే తేలింది: సారువ! గోడ లేచేకొద్దీ కట్టుకుంటా పోయి, గోడ నిలబడ్డాక విప్పేసే సారువ. ఇటుకలు నెత్తిన పెట్టుకుని మా అమ్మ ఎక్కి దిగిన సారువ. ఆ ఒక్క మాట గైడులో వేసుంటే నాకో రాత్రి నిద్ర మిగిలేది.

ఇటుకంటే ఇంకొకటి గుర్తొస్తుంది. బ్రెజిల్‌లో పావ్లో ఫ్రేరి 1963లో అంగికోస్ అనే ఊళ్లో 300 మంది కూలీలకి 40 గంటల్లో చదువు నేర్పే పని పెట్టుకున్నాడు. ఆయన పద్ధతిలో ముందు వాళ్ల పనిలో, వాళ్ల నోళ్లలో ఉన్న మాటలు ఏరుకోవాలి. అట్లా ఏరిన మాటల్లో ఒకటి 'తిజోలో', అంటే ఇటుక. దాన్ని తి, జో, లో అని విడగొట్టి, ఒక్కోదానికీ త, తె, తి, తొ, తు అని కట్టుకుంటా పోవాలి. మన గుణింతమే! కాకపోతే మన దగ్గర గుణింతం ముందు, మాట తర్వాత. అక్కడ మాటే ముందు. అప్పట్లో ఆ దేశంలో చదువు రానివాడికి ఓటు లేదు. 1964లో మిలటరీ గద్దెనెక్కి ఆయన్ని జైల్లో పెట్టింది, తర్వాత దేశమే విడిచిపోవాల్సొచ్చింది. ఇటుక అనే మాట నేర్పితే అంత భయం ఎవరికి పుట్టిందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

మా స్టాఫ్‌రూము జాలికి కూడా ఒక సిద్ధాంతం ఉంది. 1995లో అమెరికాలో హార్ట్, రిస్లీ అనే ఇద్దరు 42 కుటుంబాల్లో మాటలు లెక్కబెట్టి, పేదింటి బిడ్డ నాలుగేళ్లొచ్చేసరికి కలిగినింటి బిడ్డకన్నా 3 కోట్ల మాటలు తక్కువ వింటుందని పుస్తకం రాశారు. ఆ 42లో సర్కారు సాయం మీద బతికేవి ఆరే కుటుంబాలు. ఆరూ నల్లవాళ్లవి. 2018లో వేరేవాళ్లు మళ్లీ చూస్తే, బిడ్డ చుట్టూ ఉన్న మనుషులందరి మాటలూ కలిపితే ఆ లెక్క నిలబడలేదు. మా పల్లెలో బిడ్డతో తల్లి ఒక్కతే మాట్లాడుద్దా? అవ్వ, మేనత్త, పక్కింటి అక్క, అరుగు మీది ముసలాళ్లు... వీళ్లనెవరు లెక్కబెట్టాలి?

న్యూజిలాండ్‌లో మావోరీ పిల్లలకి చదువు చెప్పిన సిల్వియా ఆష్టన్ వార్నర్ పద్ధతి నాకు బాగా నచ్చింది. ఆమె 'టీచర్' పుస్తకం 1963లో వచ్చింది. పిల్ల తనకి కావాల్సిన మాట అడగాలి, టీచరు అట్టముక్క మీద రాసివ్వాలి. ప్రేమకో భయానికో తగిలే మాటయితే ఒక్క చూపుకే నిలిచిపోద్దంట. నేనూ మొదలుపెట్టా. ఫోను, బిర్యానీ, అమ్మ, పాము, పోలీసు వచ్చాయి. మూడో తరగతి పిల్లాడొకడు గొణిగినట్టు "ఆరె" అన్నాడు. వాళ్ల తాత బస్టాండు దగ్గర చెప్పులు కుడతాడు. వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు. నేను బోర్డు మీద పెద్దగా రాశా. ఋషి కన్నా ఎంత తేలిక! తోలుకి బొక్కపెట్టేదని వాడే అందరికీ చెప్పాడు.

మర్నాడు వాళ్లమ్మ వచ్చింది.

"సారూ, మా మామ ఆ ఆరె పట్టుకునే చేతులు గుల్లజేసుకున్నాడు. ఆ పని వీడి దాకా రాగూడదనే బడికి తోలుతున్నా. మీరు మళ్లీ దాన్నే పలక మీద రాయిస్తిరి. మీరు మనోళ్లేనంట గదా. బయటోళ్లయితే ఏదోలే అనుకుందును."

"అక్కా, ఆ మాట మీద నిలబెట్టే పైకెక్కిస్తా. రెండు నెలలు చూడు" అన్నా.

"చూస్తాలే" అని పోయింది. నమ్మలేదని నడకలోనే తెలుస్తోంది.

ఆమె మాటలో న్యాయం ఉంది. పల్లె మాటలు పల్లె పిల్లలకి చాలని అక్కడే ఆపితే అదీ ఒక వెలివేతే. వ్యావహారిక భాష గెలిచిందని పండగ చేసుకున్నారు గానీ, గిడుగు రామమూర్తి గారు అడిగింది శిష్టుల వ్యావహారికమే. మావి అందులోకి రాలేదు. అట్లాగని దరఖాస్తు, తీర్పు, రిజర్వేషను అనే మాటలు వదులుకుంటామా? ఇప్పుడు మా పిల్లల నోటు పుస్తకంలో ఎడమ పేజీ ఇంటి మాటలకి, కుడి పేజీ బయటి మాటలకి. రోజుకి మూడు, నాలుగు. అంతకంటే నిలవవు.

చదవడమంటే అక్షరం పలకడాన్నీ, మాట అర్థం కావడాన్నీ హెచ్చవేయడమని గఫ్, టన్మర్ 1986లో చెప్పారు. కూడిక కాదు. ఒకవైపు సున్నా ఉంటే మొత్తం సున్నాయే.

సంక్రాంతి సెలవులకి ముందు ఆ తల్లి మళ్లీ వచ్చింది, డ్వాక్రా తీర్మానాల పుస్తకం కొంగులో చుట్టుకుని. ఎన్నో ఏళ్లుగా దాంట్లో వేలిముద్ర వేస్తోంది. కొడుకుని పిలిచి చదవమంది. వాడు 'తీర్మానం' దగ్గర ఆగిపోయాడు. తీ... ర్మా... అని నా మొహం చూశాడు. రెండు లైన్ల కింద 'వడ్డీ' దగ్గర మాత్రం ఒక్క క్షణం ఆగలేదు. రెండింటిలోనూ దీర్ఘం ఉంది, వత్తు ఉంది. కానీ వడ్డీ వాడు పుట్టినకాణ్ణించీ వింటున్న మాట.

"తీర్మానమంటే ఏంది సార్?"

"మీ అమ్మావాళ్లు అందరూ కూసొని ఒక మాట అనుకుని, దాన్ని రాసుకోవడం."

"మేమెప్పుడు అనుకున్నాం సారూ?" అంది ఆమె. తర్వాత వాడి వీపు మీద చెయ్యేసింది. "వడ్డీ కాడ ఎంతని రాసుంది, అది చదవరా ముందు."