నవీపేట్ నుంచి శక్కర్‌నగర్ దాకా

హైదరాబాదులో చార్మినార్ నుంచి చౌమహల్లా దాకా సాగే వారసత్వ నడకల గురించి పాఠకులు వినే ఉంటారు. చరిత్ర తెలిసిన వ్యక్తి ముందు నడుస్తూ చెబుతుంటే, పదిమంది వెనుక నడుస్తూ వింటారు. గత శీతాకాలం సెలవులకు వచ్చిన మా పిల్లలు, "మన నవీపేట్‌లో చూడటానికి ఏముంది?" అని అడిగారు. 'ఏమీ లేదు' అన్న మాట మా నోటి దాకా వచ్చి ఆగింది. మా వీధిలో ఒక పెద్దాయన ఉన్నారు. చక్కెర కర్మాగారంలోనే ఆయన జీవితం గడిచింది. అందరూ ఆయనను చిచ్చా అంటారు. "మా పిల్లలకు ఒకరోజు దారి చూపిస్తారా చిచ్చా?" అని అడిగాము. "నడక నాది, ఆటో కిరాయి మీది" అని నవ్వారు.

శనివారం ఫజ్ర్ నమాజు ముగించుకొని బయలుదేరాము. ఆ రోజు నవీపేట్‌లో మేకల సంత. మంచు విడవకముందే బేరాలు మొదలయ్యాయి. చిచ్చా ఒక మేక కింది పెదవిని సుతారంగా వంచి, పిల్లలకు పళ్ళు చూపించారు. ముందరి పాలపళ్ళు రెండు రాలి, వాటి చోట పెద్ద పళ్ళు వస్తే ఆ మేకకు ఏడాది దాటినట్టే. ఖుర్బానీ మేకకు ఏడాది నిండాలన్న నియమం పిల్లలకు ముందే తెలుసు. అది నిండిందని ఎలా గుర్తించాలో మాత్రం ఆ ఉదయమే తెలిసింది.

అక్కడి నుంచి యంచ చేరి గోదావరి ఒడ్డున నడిచాము. అవతలి గట్టున బాసర. దిగువన ఉన్న శ్రీరామసాగర్ జలాశయానికి 1963లో ప్రధాని నెహ్రూ శంకుస్థాపన చేశారు. ఆనకట్ట నిండినప్పుడు దాని నీరు ఎగువకు ఎగదన్ని ఈ పొలాల దాకా వస్తుంది. నీరు తగ్గాక బయటపడే మెత్తని నేలపై గడ్డి మొలుస్తుంది. ఆ గడ్డి కోసం కృష్ణజింకలు, నీటి అంచున మేత కోసం కొంగలు, బాతులు వస్తాయి. పిల్లలు పక్షులను లెక్కపెడుతుంటే చిచ్చా నీటివైపు చూపించారు. "ఈ జలాశయం కింద ఊళ్ళున్నాయి. ఇళ్ళు, బావులు, సమాధులు వదిలి లేచిపోయినవాళ్ళ వల్లే దిగువ జిల్లాల పొలాలు పండుతున్నాయి. నీళ్ళు తాగేటప్పుడు వాళ్ళను తలచుకోవాలి" అన్నారు. ఆ మాటతో లెక్క ఆగిపోయింది.

తిరిగివచ్చి జానకంపేట మీదుగా బోధన్ వెళ్ళాము. రైలుమార్గం బోధన్‌కు చీలేది జానకంపేటలోనే. దారి పొడవునా చిచ్చా ఒకే ప్రశ్న వేస్తూ వచ్చారు: "ఇక్కడ చక్కెర ఎందుకు పుట్టింది?" జవాబు మంజీరా నదిలో ఉంది. 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ ఆనకట్టను ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ కట్టించారు. కాలువ నీటితో చెరకు వచ్చింది. నరికిన చెరకును ఒకటి రెండు రోజుల్లో గానుగ ఆడకపోతే తీపి తగ్గిపోతుంది గనుక కర్మాగారం పొలాల దగ్గరే ఉండాలి. అలా 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. దాని చుట్టూ ఏర్పడిన పేటకు శక్కర్‌నగర్ అని పేరు వచ్చింది. కాలువ నీటిని చూసి కోస్తా రైతులు కూడా వచ్చి స్థిరపడ్డారు. ఈ ప్రాంతంలో ఎన్నో పల్లెల పేర్ల చివర 'క్యాంపు' అన్న మాట నేటికీ వినిపిస్తుంది.

శక్కర్‌నగర్‌కు ముందు బోధన్ పట్టణంలో దేవల్ మసీదు చూశాము. నక్షత్రాకారపు పునాది, చెక్కడాల స్తంభాలు, వాటిపై జైన తీర్థంకరుల రూపాలు, మహమ్మద్ బిన్ తుగ్లక్ కాలపు శాసనాలు అన్నీ ఒకే కట్టడానివి. "ఇది గుడా, మసీదా?" అని చిన్నవాడు అడిగాడు. చిచ్చా తడుముకోలేదు. "రెండు మాటలూ దాని పేరులోనే ఉన్నాయి బేటా. ఒకటి చెప్పి రెండోది దాచకూడదు. మనకు నచ్చిన సగమే చెబితే అది సాక్ష్యం కాదు" అన్నారు. సాక్ష్యాన్ని దాచవద్దని, భూమిపై సంచరించి గతించినవారి గాథలను గమనించమని ఖుర్ఆన్ బోధిస్తుంది. ఆ రెండు బోధనలూ ఒకే చోట కలవడం మేము ఆ రోజు చూశాము.

జుహర్ నమాజు తరువాత శక్కర్‌నగర్‌లో నడిచాము. 2015 డిసెంబరులో కర్మాగారం మూతపడింది. ఒకప్పుడు చలికాలమంతా చెరకు బండ్లు బారులు తీరిన బాటపై ఇప్పుడు మా అడుగుల చప్పుడే వినిపించింది. గేటు కనబడగానే చిచ్చా ఆగిపోయారు. అది మూతపడ్డాక ఆయన ఇటు రావడం ఇదే మొదటిసారి అట. సైరన్ కూతతో ఊరి గడియారాలు సరిచూసుకున్న రోజులు, బట్టలకు అంటిన మడ్డి వాసన, రంజాను నెలలో రాత్రి షిఫ్టువాళ్ళకు తోటి హిందూ కార్మికులు సహరీ వేళ గుర్తుచేసి లేపడం, అన్నీ అక్కడే నిలబడి చెప్పారు. మా పెద్దమ్మాయి మెల్లగా అడిగింది: "ఇన్నాళ్ళూ ఇవన్నీ ఎందుకు చెప్పలేదు చిచ్చా?"

"ఎవరూ అడగలేదు బేటీ."

ఆ మాట మాకే తగిలింది. ఇరవై ఏళ్ళుగా రోజూ సలాము చెబుతూ ఆయన గుమ్మం ముందునుంచే వెళుతున్నాము. ఒక్కసారీ కూర్చొని అడగలేదు.

మా జిల్లాలో ఏదో ఒక దేశానికి బతుకుతెరువు కోసం వెళ్ళిన మనిషి లేని వీధి అరుదు. రేపు మా పిల్లలూ వెళ్ళవచ్చు. ఎక్కడి నుంచి వచ్చారని ఎవరైనా అడిగితే ఊరి పేరొక్కటే చెప్పి ఊరుకోకుండా ఉండాలని మా కోరిక. ఇప్పుడు నెలకొక శనివారం ఈ పనికి కేటాయించాము. పెద్దవారి ఓపికను బట్టి దూరం నిర్ణయిస్తాము. విన్నది ఆ రాత్రే పిల్లలు నోటుపుస్తకంలో రాసి, మర్నాడు వారికే చదివి వినిపిస్తారు, తప్పులుంటే దిద్దడానికి.

చిచ్చాకు ఈమధ్య మోకాళ్ళ నొప్పులు పెరిగాయి. ఇంక అంత దూరం నడవలేరు. అందుకే అరుగు మీద కూర్చునే చెబుతున్నారు. పిల్లలు రాసుకుంటున్నారు. మీ వీధిలోనూ ఇలా అడిగేవారి కోసం ఎదురుచూసే పెద్దలు ఉండే ఉంటారు. ఈ శనివారం వారి తలుపు తట్టి సలాము చెప్పండి. చెప్పాక, కాసేపు కూర్చోండి.