చార్మినార్ నిద్రపోయిన రంజాన్

రంజాన్ నెలలో అర్ధరాత్రి వేళ చార్మినార్ దగ్గర కాలు పెట్టే చోటుండదు. లాడ్‌బజార్‌లో గాజుల గలగలలు, పత్తర్‌గట్టీ వరండాల్లో అత్తరు గుబాళింపులు, మదీనా బిల్డింగ్ దాకా హలీం భట్టీల పొగలు... తెల్లవారుజామున సహర్ దాకా అదే సందడి. హైదరాబాద్ వాళ్లే కాదు, జిల్లాల నుంచి వచ్చేవాళ్లూ ఒక్కసారైనా ఆ జనంలో పడి తిరగాలనుకుంటారు. అలాంటి చోట నెలంతా రాత్రిపూట దీపం వెలగలేదంటే నమ్మగలరా? 2020లో అదే జరిగింది.

కరోనా కట్టడికి తెలంగాణలో మార్చి 23న లాక్‌డౌన్ మొదలైంది. దేశంలోని పురావస్తు శాఖ కట్టడాలతో పాటు చార్మినార్ తలుపులు అంతకు వారం ముందే మూతపడ్డాయి. ఏప్రిల్ 25న తొలి ఉపవాసం. అప్పటికే సాయంత్రం ఏడు నుంచి పొద్దున ఆరు దాకా కర్ఫ్యూ. ఉపవాసం విడిచేది ఆరూ నలభై ప్రాంతంలో. అంటే ఖర్జూరం నోట్లో వేసుకుని నమాజు ముగించేసరికి గల్లీ చివర పోలీసు వాహనం సైరన్! ఈ బజారు మేలుకునే వేళలూ, కర్ఫ్యూ వేళలూ సరిగ్గా ఒకటే అయ్యాయి.

వీధే ఇంకో గది

చార్మినార్‌కీ అంటువ్యాధులకీ చుట్టరికం పాతదే. ప్లేగు తగ్గినందుకు గుర్తుగా 1591లో కులీకుతుబ్‌షా దీన్ని కట్టించాడని జనం చెప్పుకుంటారు. ఆ మాటతో ఏకీభవించని చరిత్రకారులూ ఉన్నారు. పత్తర్‌గట్టీ సంగతి మాత్రం కథ కాదు. 1908లో మూసీ వరద, 1911లో ప్లేగు నగరాన్ని కుదిపేశాక, 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. ఇరుకు బస్తీలను తొలగించి, గాలీ వెలుతురూ వచ్చేలా రోడ్లు వెడల్పు చేయడం దాని పని. ఇప్పుడు మనం షేర్వాణీలూ పెళ్లి బట్టలూ కొనుక్కునే ఆ రాతి కమాన్ల వరుస ఆ బోర్డు కట్టించిందే.

కానీ ఆ కమాన్లు దాటి నాలుగడుగులు లోపలికి వేస్తే మళ్లీ ఇరుకు గల్లీలే. ఒకటిన్నర గదిలో తాతల నుంచి మనవల దాకా ఉండే ఇళ్లు ఎన్నో. మామూలు రోజుల్లో ఆ ఇరుకు ఎవరికీ తెలియదు. మగవాళ్లు పొద్దున్నే ఆటో తీసుకునో, ఠేలా తోసుకుంటూనో వెళ్లిపోతారు. పిల్లలు బడికి, ముసలివాళ్లు గడప బయటి అరుగు మీదికి, కుర్రాళ్లు చాయ్ హోటల్‌కి. ఇక్కడ వీధి అంటే ఇంటికున్న ఇంకో గది. లాక్‌డౌన్ ఆ గదికి తాళం వేసింది.

మే నెల ఎండ, పైన రేకుల కప్పు, లోపల పదిమంది. కూర్చోవడానికి వంతు, పడుకోవడానికి వంతు, ఉన్న ఒక్క ఫోన్‌కీ వంతు. చిన్నదానికీ పెద్దదానికీ కీచులాటలు. ‘అబ్బాజాన్, ఈద్‌కి కొత్త బట్టలేవీ?’ అని పిల్లలడిగితే తండ్రి తలుపు వైపు చూడాల్సిందే... బయటికి పోయేందుకూ లేదు! సరుకులకైనా మూడు కిలోమీటర్లు దాటకూడదన్న నిబంధన ఉండేది. కేసులు వచ్చిన గల్లీకైతే రెండువైపులా అడ్డుకట్టలే. రేషన్ కార్డుపై మనిషికి 12 కిలోల బియ్యం, కుటుంబానికి రూ.1,500 ఇచ్చింది ప్రభుత్వం. అన్నం దొరికింది. మరి అద్దె?

గాజు చల్లబడింది

ఆ ప్రశ్న ఎక్కువగా వేధించింది లక్కగాజుల వాళ్లను. లక్కను నిప్పుల మీద కరిగించి, సాగదీసి, గుండ్రంగా చుట్టి, వేడి ఆరకముందే అద్దాలూ రాళ్లూ ఒక్కొక్కటిగా అద్దాలి. వేలి కొసలు కాలే పని. ఎన్ని జతలు చేస్తే అన్ని డబ్బులు. రంజాన్, ఆ వెంట వచ్చే పెళ్లిళ్లే వాళ్లకు పంటకాలం. ఆ ఏడాది పంట చేతికి రాలేదు.

హలీం కూడా అంతే. 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ వంటకాన్ని ఆ రంజాన్‌కి వండబోమని తయారీదారుల సంఘమే ప్రకటించింది. హలీం లేకపోతే తినేవాళ్లకు పోయేది ఓ రుచి. రాత్రంతా భట్టీల దగ్గర గోధుమలూ మాంసం కలిపి దంచేవాళ్లకు పోయింది నెల జీతం.

మసీదుల నుంచి అజాన్ వినిపించేది, నమాజు మాత్రం ఇళ్లలోనే. మే 25న ఈద్ కూడా అలాగే గడిచింది. కొత్త బట్టలు మానుకుని ఆ డబ్బు పేదలకిద్దామన్న పిలుపులు వచ్చాయి. పొరుగింటి పొయ్యి వెలిగిందో లేదో కనుక్కుని కూరగిన్నె అందించినవాళ్లూ ఉన్నారు. గోడకు గోడ ఆనుకున్న ఇళ్లలో ఆకలిని దాచడం కష్టం మరి! జులైలో లాల్‌దర్వాజా బోనాల వంతు వచ్చింది. ఏటా వీధులు పట్టనంతగా సాగే జాతర ఆసారి ఇంటి గడప దాటలేదు. ఆడపడుచులు ఇళ్లలోనే అమ్మవారికి బోనం సమర్పించుకున్నారు. పాతబస్తీలో రెండు పెద్ద పండగలూ ఆ ఏడాది నాలుగు గోడల మధ్యే జరిగాయి.

జులైలో చార్మినార్ తలుపులు తెరుచుకున్నాయి. సెప్టెంబరులో మెట్రో, సిటీ బస్సులు కదిలాయి. 2024లో హైదరాబాద్ లక్కగాజులకూ భౌగోళిక గుర్తింపు దక్కింది. రంజాన్ రాత్రుల్లో మళ్లీ అదే తొక్కిసలాట, అదే బేరాల గోల.

ఈసారి అటు వెళ్లినప్పుడు జనం ఎక్కువున్నారని విసుక్కోకండి. గాజులు కొన్నాక పక్క గల్లీలోకి ఓసారి తొంగిచూడండి. అరుగు మీద తాత, గుమ్మంలో కుర్చీ వేసుకున్న అమ్మమ్మ, సైకిల్ టైరు దొర్లించే పిల్లాడు కనిపిస్తారు. ఆ ఇంటి ఇంకో గది తెరిచే ఉందన్నమాట!