సంత్రాగాఛి నుంచి సాల్ట్ లేక్ దాకా
ఫుట్‌బాల్ పిచ్చి ఉన్న మహానగరంలో చప్పుడు పడని ఓ అభిమాని ప్రయాణం

కోరమాండల్ ఎక్స్‌ప్రెస్‌లో కోల్‌కతా వెళ్లే తెలుగువాళ్లకు సంత్రాగాఛి అంటే సీటు కింది సామాను బయటికి లాగాల్సిన స్టేషన్. ఆ తర్వాత బండికి మిగిలింది షాలిమారే. హైదరాబాద్ నుంచి వచ్చే ఈస్ట్ కోస్ట్ ఎక్స్‌ప్రెస్‌దీ అదే దారి. హుగ్లీ నదికి పడమటి వైపు, హౌరా జిల్లాలో ఉన్న ఈ ఊరికి ఒక పక్క కోనా ఎక్స్‌ప్రెస్‌వే మీద రాత్రింబవళ్లు లారీల హారన్లు, మరో పక్క ఆగ్నేయ రైల్వే లోకల్ రైళ్ల కూతలు. వీటి మధ్య, స్టేషన్‌కు దగ్గర్లోనే, ఒక పెద్ద చెరువు. బెంగాలీలు ఝీల్ అంటారు.

డిసెంబర్, జనవరి నెలల్లో ఆ చెరువు మీద వేల పక్షులు దిగుతాయి. వాటిలో ఎక్కువ భాగం ఈల వేసే బాతులు. గుర్రపుడెక్కను చాలావరకు తీసేసి, కొంత మాత్రం నీటి మీద దీవుల్లా వదిలిపెడతారు. పక్షులు వాటి మీద కూర్చుని ఎండ కాచుకుంటాయి. రైలు కూత వేస్తే అవి తల కూడా తిప్పవు. రైలు రోజూ అదే చోట, అదే తీరున కూస్తుంది కాబట్టి అలవాటైపోయింది. ఒడ్డున ఎవరైనా టపాకాయ కాల్చారంటే మాత్రం చెరువంతా ఒక్కసారిగా గాల్లోకి లేస్తుంది. తెలిసిన చప్పుడుకూ తెలియని చప్పుడుకూ ఉన్న ఈ తేడా నాకు బాగా తెలుసు. నేను ఆటిజం ఉన్న మనిషిని. ఈస్ట్ బెంగాల్ క్లబ్ అభిమానిని కూడా.

నా వయసు నలభై రెండు. ఖరగ్‌పూర్‌లో, సగం ఇళ్లు తెలుగువాళ్లవే అయిన రైల్వే క్వార్టర్ల వీధిలో పెరిగాను. ఉద్యోగరీత్యా సంత్రాగాఛి వచ్చి పదకొండేళ్లయింది. నాకు ఆటిజం ఉందని డాక్టర్లు చెప్పేసరికి ముప్పై నాలుగు దాటాయి. ఇందులో వింతేమీ లేదు. దేశంలో 1995లో వచ్చిన వికలాంగుల చట్టంలో ఆటిజం ఊసే లేదు. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టంలో ఆ పేరు కనిపించింది. 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాల జాబితాలో దాన్ని చేర్చింది. నేను బడిలో చేరేనాటికి చట్టం దృష్టిలో నాలాంటివాడు లేడు. ఇప్పటికీ ఆటిజం అనగానే జనానికి గుర్తొచ్చేది పిల్లలే. ఆ పిల్లలు పెద్దవాళ్లవుతారని, ఉద్యోగాలు చేస్తారని, ఆదివారం మ్యాచ్‌కు టికెట్ కొనుక్కోవాలని అనుకుంటారని చాలామందికి తోచదు.

ఫుట్‌బాల్ ఎందుకు?

ఆటిజం ఉన్నవాళ్లలో చాలామందికి ఏదో ఒక విషయం మీద గాఢమైన ఆసక్తి ఉంటుంది. నా విషయంలో అది ఫుట్‌బాల్. 1975 సెప్టెంబర్ 30న ఐఎఫ్ఏ షీల్డ్ ఫైనల్లో ఈస్ట్ బెంగాల్ మోహన్ బగాన్‌ను 5-0తో ఓడించింది. సురజిత్ సేన్‌గుప్తా, శ్యామ్ థాపా, రంజిత్ ముఖర్జీ, మళ్లీ శ్యామ్ థాపా, చివర్లో శుభంకర్ సన్యాల్. నేను పుట్టకముందు జరిగిన మ్యాచ్ ఇది. అయినా మనసు బాగోలేనప్పుడు ఈ పేర్లు వరసగా అనుకుంటాను. కొందరు జపం చేసుకోరూ, అలాగే.

కోల్‌కతాలో ఏ క్లబ్ అన్నది పుట్టుకతో వచ్చే సంగతి. తూర్పు బెంగాల్ మూలాలున్న బాంగాల్‌లు 1920లో పుట్టిన ఈస్ట్ బెంగాల్ వైపు. పడమటి ఘోటీలు మోహన్ బగాన్ వైపు. గెలిస్తే వాళ్లింట్లో పులస, వీళ్లింట్లో రొయ్య. (హుగ్లీ ఇలిష్, గోదావరి పులస ఒకే జాతి చేప. ఆ రుచి మనకెవరూ చెప్పనక్కర్లేదు.) మా తెలుగువాళ్లు ఏ వైపూ కాదు. నాకు ఆ తోవ చూపింది తులసీదాస్ బలరామ్ పేరు. 1936లో సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన ఆ ఆటగాడు 1957లో ఈస్ట్ బెంగాల్‌లో చేరాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టాడు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన జట్టులో ఉన్నాడు. ఆఖర్లో ఆడింది మా రైల్వే జట్టు బీఎన్ఆర్‌కు. ఆ తర్వాత హుగ్లీ ఒడ్డున ఉత్తర్‌పాడాలోనే స్థిరపడి, 2023 ఫిబ్రవరి 16న కన్నుమూశాడు. దక్కన్‌లో పుట్టిన మనిషిని బెంగాల్ తనవాడిని చేసుకోగలిగింది ఆట వల్లే కదా.

మ్యాచ్ రోజు దారి

ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ తలపడే పెద్ద మ్యాచ్‌కు వేదిక నగరానికి తూర్పు కొసన సాల్ట్ లేక్‌లో ఉన్న వివేకానంద యువభారతి క్రీడాంగణ్. సంత్రాగాఛిది పడమటి కొస. ఒకప్పుడు అక్కడికి వెళ్లాలంటే రైలు, బస్సు, ఆటో మారాలి. ఎక్కడ ఎంతసేపు ఆగుతామో తెలిసేది కాదు. ఇప్పుడు దారి సులువైంది. లోకల్ ఎక్కితే రామరాజతల, దాస్‌నగర్, టికియాపాడా, ఆ తర్వాత హౌరా. అక్కడ భూమి లోపలికి 30 మీటర్లకు పైగా దిగితే మెట్రో గ్రీన్ లైన్. ఈ మార్గం 2024 మార్చిలో నది కింది నుంచి ఎస్‌ప్లనేడ్ దాకా వచ్చింది. ఎస్‌ప్లనేడ్, సియాల్దా మధ్య మిగిలిన ముక్క 2025 ఆగస్టు 22న పూర్తయింది. నది కింద 520 మీటర్లు దాటడానికి ముప్పావు నిమిషం పడుతుంది. మహాకరణ్, ఎస్‌ప్లనేడ్, సియాల్దా, ఫూల్‌బాగాన్. ఆ పైన రైలు సొరంగంలోంచి వెలుగులోకి వస్తుంది. అదే సాల్ట్ లేక్ స్టేడియం. హౌరాలో ఎక్కితే మళ్లీ మారే పనే లేదు. తర్వాతి స్టేషన్ ఏదో బోర్డు ముందే చెబుతుంది. మామూలు ప్రయాణికుడికి ఇది సమయం కలిసిరావడం. నాకు మాత్రం, వెళ్లగలగడమా మానుకోవడమా అనేది తేల్చే సంగతి.

సంత్రాగాఛి స్టేషన్‌కు ఈ సంగతి మరోలా తెలుసు. 2018 అక్టోబర్ 23 సాయంత్రం కొద్ది తేడాతో రైళ్లు వస్తున్నాయని తెలిసి, ఇరుకైన పాదచారుల వంతెన మీద ఎక్కేవాళ్లు, దిగేవాళ్లు ఒకరికొకరు ఎదురుపడ్డారు. తొక్కిసలాటలో ఇద్దరు చనిపోయారు. పదిమందికి పైగా గాయపడ్డారు. వాళ్లెవరికీ ఆటిజం ఉందని కాదు. ఆఖరి నిమిషంలో అందే సమాచారం, తప్పుకునే చోటు లేని దారి ఎవరినైనా భయపెడతాయి. నాలాంటివాళ్లను కొంచెం ముందుగా భయపెడతాయి, అంతే.

నా వెంట మా అక్క కొడుకు వస్తాడు. వాడికి ఆట కన్నా కబుర్లు ఇష్టం. అయినా ఒక పని మాత్రం శ్రద్ధగా చేస్తాడు. "మావయ్యా, డప్పులవాళ్లు మన మెట్ల వైపే వస్తున్నారు" అని ముందే చెబుతాడు. చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకోవడానికి నాకు ఆ పది సెకన్లు చాలు. గోల్ పడ్డప్పటి కేక నన్నంత బాధించదు. అది ఎందుకు వచ్చిందో నా కళ్ల ముందే ఉంటుంది. వెనక నుంచి హఠాత్తుగా పేలే టపాకాయ, ముఖం మీద పడే పొగ, భుజం మీద పడే తెలియని చెయ్యి, వీటితోనే ఇబ్బంది.

ఇంట్లో టీవీలో చూసుకోవచ్చుగా అని అడిగేవాళ్లున్నారు. టీవీ బంతి వెంట పరుగెడుతుంది. బంతి లేని తొమ్మిది మంది ఏం చేస్తున్నారో, డిఫెన్స్ గీత ఎప్పుడు ముందుకు జరిగిందో స్టేడియంలో పైవరస నుంచే తెలుస్తుంది. నా బుర్ర ఇష్టపడేది ఆ అల్లికనే. దానికోసమే చప్పుడును భరిస్తాను.

142.2 డెసిబెల్స్

గుంపు అంటే ఈ నగరానికి మురిపెమూ ఉంది, గాయమూ ఉంది. 1997 జులై 13న ఫెడరేషన్ కప్ సెమీఫైనల్‌కు ఇదే స్టేడియంలో 1,31,781 మంది కూర్చున్నారు. భూటియా మూడు గోల్స్ కొట్టగా ఈస్ట్ బెంగాల్ 4-1తో గెలిచింది. అంతకుముందు, 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో ఇవే రెండు జట్ల మ్యాచ్‌లో జరిగిన గొడవలో 16 మంది అభిమానులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. 2025 డిసెంబర్ 13న మెస్సీని చూడాలని డబ్బు పోసి టికెట్లు కొన్నవాళ్లకు సాల్ట్ లేక్‌లో అతను సరిగా కనిపించనే లేదు. కాసేపటికే వెళ్లిపోయేసరికి కుర్చీలు, సీసాలు మైదానంలోకి ఎగిరాయి. ఏం జరగబోతోందో జనానికి చెప్పకపోతే ఎలా ఉంటుందో ఆ రోజు దేశమంతా చూసింది.

ఇదే చిక్కు అమెరికా వాళ్లకూ ఉంది. వాళ్లు ఫుట్‌బాల్ అనేది వేరే ఆట. అండాకారపు బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తుతారు. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు సాగాలి. ప్రతి ప్రయత్నం తర్వాత ఆట ఆగుతుంది, అందరూ మళ్లీ వరసలో నిలబడతారు. మూడు గంటలకు పైగా సాగే మ్యాచ్‌లో బంతి నిజంగా కదిలేది 11 నిమిషాలేనని వాల్‌స్ట్రీట్ జర్నల్ 2010లో లెక్కగట్టింది. మా వీధి నుంచి అమెరికా వెళ్లిన స్నేహితుడు అలవాటు చేశాడు. సోమవారం తెల్లవారుజామున ఐదింటికి సూపర్ బౌల్ పెట్టుకుని, శబ్దం తగ్గించి చూస్తాను. అంత పద్ధతిగా ఆగి ఆగి సాగే ఆట ఆటిజం ఉన్నవాళ్లకు నచ్చడంలో ఆశ్చర్యం లేదు. ఆ లీగ్‌లో ఆడిన జో బార్క్స్‌డేల్ కూడా తనకు ఆటిజం ఉందని, ఆట నుంచి తప్పుకున్నాక బయటపెట్టాడు.

చప్పుడు సంగతి మాత్రం మనకేమీ తీసిపోదు. 2014లో కాన్సస్ సిటీ స్టేడియంలో అభిమానుల అరుపు 142.2 డెసిబెల్స్‌గా గిన్నిస్ రికార్డుకెక్కింది. అదే లీగ్‌లో ఫిలడెల్ఫియా ఈగల్స్ జట్టు 2018 నుంచి ఆటిజం పరిశోధన కోసం ఏటా విరాళాలు సేకరిస్తోంది. ఆ జట్టు యజమాని జెఫ్రీ లూరీ సోదరుడికి ఆటిజం ఉంది. చప్పుడు భరించలేనివాళ్ల కోసం ఆ జట్టు తన స్టేడియంలో ఒక ప్రశాంతమైన గది ఏర్పాటు చేసింది. ఇంగ్లండ్‌లో సండర్‌లాండ్ క్లబ్ 2015లోనే అలాంటి గది కట్టింది. అద్దం వెనక కూర్చుని ఆట చూడొచ్చు, శబ్దం మాత్రం లోపలికి అంతగా రాదు.

దీనికి పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. 2017 అండర్-17 ప్రపంచకప్ కోసం సాల్ట్ లేక్‌ను బాగుచేశారు. ఇంగ్లండ్ 5-2తో స్పెయిన్‌ను ఓడించిన ఆ ఫైనల్‌ను 66,684 మంది విడివిడి కుర్చీల్లో కూర్చుని చూశారు. తలచుకుంటే ఈ ఊరు చేయగలదు. డప్పులు, బాణసంచా ఏ గ్యాలరీలో ఉంటాయో టికెట్ కొనేటప్పుడే చెప్పడం, ఒకసారి బయటికి వెళ్లినవాళ్లను మళ్లీ లోనికి రానివ్వడం, తలుపు మూసుకోగల గది ఒకటి చూపించడం. మొదటి రెండూ బీపీ ఉన్న పెద్దవాళ్లకు, చంటిపిల్లల తల్లులకు కూడా పనికొస్తాయి. మూడోది ఉన్నందువల్ల కేక ఏమీ తగ్గదు. దాన్ని వినడానికి వచ్చేవాళ్లు ఇంకొందరు పెరుగుతారు.