కొండమీద కొత్త యిళ్ళు

యిల్లు కొనడం గురించి విమర్శ పత్రికలో వ్యాసమేమిటని పాఠకులు అడగవచ్చు. అడగవలసినదే. కాని పిట్స్‌బర్గు నగరంలో వుద్యోగం చేస్తున్న మా అబ్బాయి అక్కడ ఒక కొత్త యిల్లు చూసి, దానికోసం నా రిటైర్‌మెంటు డబ్బులో కొంత సర్దమని అడిగినప్పుడు, ఆ యిల్లు నిలబడిన నేల సంగతి తెలుసుకోవడానికి నాకు అక్కరకు వచ్చినవి బ్యాంకు కాగితాలు కావు. ఒక నాటకకర్త రాసిన రెండు నాటకాలు. అందుచేత యిది సగం యింటి వ్యవహారమూ, సగం సాహిత్య వ్యవహారమూ అయింది.

పిట్స్‌బర్గులో మనవాళ్ళందరికీ తెలిసిన కొండ ఒకటి వుంది. శివారు పెన్‌హిల్స్‌లో వెంకటేశ్వరస్వామి గుడి వున్న కొండ అది. 1970లలో కట్టిన ఆ గుడికి దూరదూరాలనుంచి తెలుగువాళ్ళు వస్తారు. మా వాడు చూసిన యిల్లు ఆ కొండమీద కాదు. నగరం నడిబొడ్డున లేచిన ఆఫీసు మేడలకు సరిగ్గా వెనక మరొక కొండ వుంది. దాని పేరు హిల్ డిస్ట్రిక్టు. వాడుకలో వొట్టి హిల్ అంటే చాలు. గుడి దగ్గర నేను కలిసిన పెద్దమనుషులకు యీ రెండో కొండ రాత్రిపూట కారు ఆపకూడని చోటుగా మాత్రమే తెలుసు. అక్కడ యిల్లు కొంటామంటే ఒకాయన నన్ను పక్కకు పిలిచి, "అబ్బాయికి మీరైనా చెప్పండి మాస్టారూ" అన్నాడు. మరొకాయన, "కొంటే యిప్పుడే కొనాలండీ, పదేళ్ళలో రేటు యెక్కడికో పోతుంది" అన్నాడు. యీ యిద్దరూ పైకి భిన్నంగా మాట్లాడినట్లున్నారు గాని, యిద్దరి మాటల్లోనూ అక్కడ యిప్పటికే కాపురముంటున్న మనుషులు లేరు.

సెంటర్, వైలీ, బెడ్‌ఫర్డ్ అనే మూడు వీధులు కొంచెం యెడంగా ఆ కొండ యెక్కుతాయి. యిక నగరమంతటా కొన్ని వీధులు మ్యాపులో మాత్రమే వీధులు. తీరా వెళ్ళిచూస్తే మెట్లు. అలాంటి మెట్లవరసలు ఆ నగరంలో 700కు పైగా వున్నాయి. ఆ మెట్లు చూస్తే నాకు ప్రాణం లేచివచ్చింది. నేను పుట్టి పెరిగింది బెజవాడ వన్‌టౌనులో కొండవాలుమీది యింట్లో. మా నాన్న గూడ్సు షెడ్డులో కళాసీ. మా అమ్మ రోజుకు ఆరేడు బిందెల నీళ్ళు కిందినుంచి మోసేది. ఆ మెట్ల సంగతి మళ్ళీ చెబుతాను.

హిల్ కథ పిట్స్‌బర్గులో బడిపిల్లవాడైనా చెబుతాడు. ఉక్కు ఫ్యాక్టరీలకు పనికి వచ్చినవాళ్ళు మొదట దిగే రేవు అది. యూదులు, ఇటాలియన్లు, సిరియన్లు, తరవాత దక్షిణాది రాష్ట్రాలనుంచి నల్లజాతివారు వచ్చి అక్కడ కాపురాలు పెట్టారు. వైలీ వీధిలో రాత్రిళ్ళు జాజ్ సంగీతం మోగేది. టీనీ హారిస్ అనే పత్రికా ఛాయాగ్రాహకుడు ఆ జీవితాన్ని దశాబ్దాలపాటు ఫోటోలు తీశాడు. దాదాపు 80,000 నెగెటివ్‌లు యిప్పుడు అక్కడి మ్యూజియంలో భద్రంగా వున్నాయి. ఫోటోలు భద్రంగానే వున్నాయి. ఫోటోలలోని దిగువ కొండ లేదు.

1943లో ఆ నగర పాలకవర్గ సభ్యుడొకరు ఒక పత్రికలో, అక్కడి కట్టడాలలో నూటికి తొంభై పనికిరానివనీ, వాటినన్నిటినీ కూల్చినా సమాజానికి నష్టమేమీ వుండదనీ రాశాడు. 1949లో వచ్చిన గృహనిర్మాణ చట్టం అలాంటి పనులకు కేంద్రప్రభుత్వ ధనం సమకూర్చింది. 1956లో కూల్చివేత మొదలైంది. 95 ఎకరాలు చదును చేశారు. 8,000 మంది కొండ దిగిపోయారు. 400కు పైగా వ్యాపారాలు పోయాయి. బెతెల్ అనే నల్లజాతివారి పెద్ద చర్చిని 1957లో పడగొట్టారు. కొంచెం అవతలవున్న క్యాథలిక్ చర్చిని మాత్రం వుంచారు. ఆ ఖాళీ నేలలో 1961లో సంగీతనాటకాలకోసమని పైకప్పు తెరుచుకునే గుండ్రటి ఉక్కు అరీనా ఒకటి వెలిసింది. కొన్నేళ్ళకు అది మంచుమీద ఆడే హాకీకి నెలవైంది. యాభై యేళ్ళు నిలిచి, 2012 నాటికి అదీ నేలమట్టమైంది. తరవాత యేళ్ళతరబడి అక్కడ మిగిలింది కార్లు నిలిపే తారు మైదానం. చర్చిని కూల్చి నాటకశాల, దాన్ని కూల్చి కారుషెడ్డు! యిటీవల ఆ మైదానం అంచున 26 అంతస్తుల బ్యాంకు భవనం లేచింది. చర్చి పోయినందుకు పరిహారంగా ఒకటిన్నర ఎకరం తిరిగి యిచ్చే ఒప్పందం 2023లో, అంటే 66 యేళ్ళకు కుదిరింది.

యిక్కడ ఒక సంగతి దాచకూడదు. ఆ యిళ్ళు బాగా లేవన్నమాట అబద్ధం కాదు. ఒకే కుళాయి నాలుగు కుటుంబాలు వాడుకున్న యిళ్ళు, లోపల మరుగుదొడ్డి లేని యిళ్ళు అక్కడ వుండేవి. పాతదంతా అందమైనదని కన్నీరు కార్చే రచయితలంటే నాకు పడదు. వాళ్ళలో చాలామంది నీళ్ళబిందె మోసినవాళ్ళు కారు. అయితే యిల్లు బాగాలేకపోతే యిల్లు బాగుచేయాలన్నది ఒక ఆలోచన, అందులోని మనిషిని తీసివేయాలన్నది వేరొక ఆలోచన. రెండింటికీ ఒకే పేరు పెట్టి చలామణీ చేశారు. పైపెచ్చు, వాళ్ళలో చాలామంది అద్దెకున్నవాళ్ళు. నేల ఖరీదు నేల సొంతదారుకు ముట్టింది. లేచిపోయే అద్దెదారుకు యేమేమి యివ్వాలో చెప్పే కేంద్రచట్టం 1970లో గాని రాలేదు.

ఆ పనిని సమర్థించినవాళ్ళు వాడిన యింగ్లీషు మాట మన భాషలోకి తెస్తే 'తెగులు' అవుతుంది. ప్రాంతానికి తెగులు పట్టింది. రైతుబిడ్డలెవరికైనా తెలుసు, తెగులు పట్టిన మొక్కను యేమి చేస్తారో: పీకి తగలబెడతారు. ఆ మాట ఒకసారి ఒప్పుకున్నాక తక్కినదంతా వ్యవసాయం మాదిరిగా సహజంగా సాగిపోతుంది.

ఆగస్ట్ విల్సన్ నాటకాలు నేను చదివింది యీ ఘట్టంలోనే. ఆయన 1945లో యీ కొండమీదనే, బెడ్‌ఫర్డ్ వీధిలో పుట్టాడు. యిరవయ్యో శతాబ్దంలో దశాబ్దానికి ఒకటి చొప్పున పది నాటకాలు రాశాడు. అందులో తొమ్మిదింటికి రంగస్థలం హిల్. ఆయన పుట్టిన యింటిని బాగుచేసి 2022లో కళాకేంద్రంగా తెరిచారు. నేను వెళ్ళి చూశాను. చిన్న వెనక దొడ్డి, యిటుకగోడ. మా కొండయింటికన్నా పెద్దదే.

'టూ ట్రెయిన్స్ రన్నింగ్' కథాకాలం 1969. మెంఫిస్ అనే ఆయనకు ఒక భోజన హోటలు వుంది. నగరంవారు దాన్ని తీసుకుని కూల్చబోతున్నారు. ఆయన తన ధర 25,000 డాలర్లు అని పట్టుబట్టి కూర్చుంటాడు, చివరకు 35,000 సాధిస్తాడు. కథ యింతే అయితే అది బేరసారాల నాటకం. కాని అదే హోటలుకు మతి చెడినట్లున్న వ్యక్తి ఒకడు రోజూ వస్తాడు. ఒక కసాయికొట్టువాడు కంచెకు రంగు వేయించుకొని, పని బాగుంటే పందిమాంసపు తొడ యిస్తానని చెప్పి, తీరా కోడి తీసుకోమన్నాడు. తొమ్మిదిన్నరేళ్ళుగా యితను తనకు రావలసినదాన్నే అడుగుతూ వున్నాడు; కోడికి ఒప్పుకోడు. మెంఫిస్‌కు యితణ్ణి చూస్తే చిరాకు. తామిద్దరూ అడుగుతున్నది ఒకటేనని ఆయనకు తోచదు. విల్సన్ పాత్రలచేత దీన్ని యెక్కడా చెప్పించలేదు. ఉపన్యాసం లేకుండా యింత చెప్పగలగడం మన నాటకకర్తలు నేర్చుకోవలసిన విద్య.

ఆయన చివరి నాటకం 'రేడియో గోల్ఫ్' 2005లో వచ్చింది, కథాకాలం 1997. యిందులో కూల్చేవాడు తెల్లవాడు కాదు. అదే కొండ బిడ్డ, చదువుకున్నవాడు, నగర మేయరు కాబోయేవాడు. పెద్ద దుకాణాలు, కొత్త అపార్టుమెంట్లు కట్టించి కొండను బాగుచేయాలన్నది అతని కోరిక. నిజమైన కోరికే. ప్రభుత్వధనం రావాలంటే ప్రాంతానికి తెగులు పట్టిందని అధికారికంగా ప్రకటన వెలువడాలి. అతనూ, అతని భాగస్వామీ ఆ ప్రకటనకోసం యెదురుచూస్తారు. అడ్డంగా వైలీ వీధిలో ఒక పాత యిల్లు మిగిలింది. దాన్ని తాను కొన్న తీరు చట్టవిరుద్ధమని అతనే కనిపెడతాడు. యీ నాటకంలో నన్ను కుదిపింది అతని మంచితనం. అతను దుర్మార్గుడైతే నాకు హాయిగా వుండేది.

హాయిగా వుండకపోవడానికి కారణం చెబుతాను. 1970లలో నేను కాలేజీలో ట్యూటరుగా చేరిన కొత్తలో, బెజవాడ కొండలమీది యిళ్ళను తొలగించి పేదలకు దిగువన యిళ్ళు కట్టివ్వాలని ఒక పత్రికలో వ్యాసం రాశాను. గాలి, వెలుతురు, కుళాయి, మురుగుకాలువ అన్నీ అందులో వున్నాయి. రాళ్ళు దొర్లిపడే ప్రమాదం గురించీ రాశాను. ఆ భయం వుత్తది కాదు. 2024 ఆగస్టు ఆఖరి వానలకు మొగల్రాజపురంలో కొండచరియ విరిగి యిళ్ళమీదపడి మనుషులు చనిపోయారు. ఆ వ్యాసం అచ్చయిన రెండు మూడేళ్ళకు మా వరస యిళ్ళు తీసివేసి, మాకు వూరి చివర స్థలాలు యిచ్చారు. నా వ్యాసం చూసి యిచ్చారని నేననుకోను. మా అమ్మ మాత్రం అలాగే అనుకుంది.

"కుళాయి వచ్చిందిరా, సరే. నా యిడ్లీలు యెవరు కొంటారు?" అని అడిగింది. మెట్లమొదట్లో తెల్లవారుజామున షెడ్డుకు పోయే కళాసీలకు, హమాలీలకు ఆమె యిడ్లీలు అమ్మేది. కొత్తచోట తెల్లవారుజామున యెవరూ యెటూ పోరు; బస్సు ఆరున్నరకు గాని రాదు. నా వ్యాసంలో గాలీ వెలుతురూ వున్నాయి గాని యిడ్లీలు లేవు. ఆ బేరం లెక్క నాకు తెలియకపోలేదు. ఆ డబ్బుతోనే నేను బి.ఏ. చదివాను. తెలిసీ రాయలేదు. అది వ్యాసంలో రాయవలసిన విషయమని నాకు తోచలేదు.

మా వాడితో వాదన యిలా సాగింది.

"నాన్నా, యిది ఖాళీ జాగాలో కట్టిన యిల్లు. యెవర్నీ లేవగొట్టలేదు."

"జాగా యెప్పుడు ఖాళీ అయిందిరా?"

"నేను పుట్టకముందు."

అతనన్నదీ నిజమే. కొండ నడుమ భాగంలో యిప్పటికీ బోలెడు ఖాళీ జాగాలున్నాయి. 1968లో మార్టిన్ లూథర్ కింగు హత్య తరవాత చెలరేగిన అల్లర్లలో కాలిపోయినవి కొన్ని, దిక్కులేక కూలినవి కొన్ని. గడ్డి మొలిచిన జాగాలో యిల్లు లేస్తే ఆ వీధికి మంచిదే. 1990లలో దిగువ అంచున కట్టిన క్రాఫర్డ్ స్క్వేరులో తక్కువ అద్దెవాళ్ళూ, యెక్కువ అద్దెవాళ్ళూ, సొంతదార్లూ కలిసి వుండేటట్లు యేర్పాటు చేశారు. దాన్ని హేళన చేయడం నాకు చేతకాదు. దుకాణం సంగతి చూస్తే, దశాబ్దాల కరువు తరవాత 2013లో సెంటర్ వీధిలో ఒక కిరాణా బజారు తెరిచారు, 2019లో మూతపడింది. కొనేవాళ్ళు చాలక అని కొందరు, సరుకు బాగాలేక అని కొందరు అంటారు. యిళ్ళు లేనిదే దుకాణం నిలవదు, దుకాణం లేనిదే యిళ్ళు నిలవవు. మా కోడలు అన్నమాట సరైనది: "వాళ్ళకు మనుషులు కావాలి మామయ్యగారూ. యెలాంటి మనుషులన్నదే పేచీ."

తిరిగివచ్చే ముందు ఒక ఆదివారం సెంటరూ క్రాఫర్డూ కలిసేచోటుకు వెళ్ళాము. దాన్ని ఫ్రీడం కార్నర్ అంటారు. కూల్చివేత అక్కడిదాకా వచ్చి ఆగింది; 1960లలో కొండవాళ్ళు అక్కడ పెద్ద బోర్డు పెట్టి, యిక్కడినుంచి పైకి రావడానికి వీల్లేదని నగరానికి చెప్పారు. పౌరహక్కుల వూరేగింపులు అక్కడినుంచే బయలుదేరేవి. యెదురుగా చర్చి శిఖరంమీద నల్లజాతి సన్యాసి విగ్రహం రెండు చేతులూ చాచి నిలబడివుంది. రమ్మంటున్నదో, ఆగమంటున్నదో కిందినుంచి చూస్తే తెలియదు.

బెంచీమీద నా యీడు ఆవిడ ఒకామె కూర్చుని వుంది. మాటలు కలిశాయి. ఆమె చిన్నప్పుడు వాళ్ళ యిల్లు ఆ తారు మైదానంలో యెక్కడ వుండేదో చేయెత్తి చూపించింది. నాకు కార్లు కనబడ్డాయి. ఆమె మాత్రం వీధి మలుపు, మెట్లు, మంగలిషాపు వరసగా చెప్పుకుంటూపోయింది. తరవాత మా వాడివంక తిరిగి అడిగింది:

"కొంటే వుంటారా, అమ్ముకుంటారా?"

"వుంటామండీ" అన్నాడు వాడు.

"అందరూ అదే అన్నారు" అని, మా వాడు కూర్చోడానికి కొంచెం జరిగింది. ఆ వీధివాళ్ళు చర్చిలో నెలనెలా సమావేశమవుతారనీ, కొత్తవాళ్ళు రావచ్చుననీ, యిల్లు కొన్న తరవాత కాదు కొనకముందు రావాలనీ చెప్పింది.

డబ్బు పంపించాను. వాడు రెండు సమావేశాలకు వెళ్ళాడు. మొదటిసారి యెవరూ పెద్దగా పలకరించలేదట. రెండోసారి కుర్చీలు సర్దమన్నారట. రిజిస్ట్రేషను యింకా కాలేదు.