స్టెప్నీ సారు

లారీకి స్టెప్నీ ఉంటుంది. టైరు పంక్చరైతే దాన్ని బిగిస్తారు. అసలు టైరు బాగై రాగానే ఊడదీసి మళ్లీ పక్కన పెట్టేస్తారు. 2013లో నేను పది వారాలు ఆ ఉద్యోగం చేశాను. లారీకి కాదు, హైస్కూలుకి!

మాది ముత్తుకూరు. బీయెడ్ అయింది. అంతకుముందు ఏడాది డీఎస్సీ కొద్ది మార్కుల్లో పోయింది. ఇంట్లో కూర్చుని ఉంటే, దగ్గర్లోని ఒక హైస్కూల్లో లెక్కల సారు మోటార్‌సైకిల్ మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నారు. 'ఆయన కట్టు విప్పేదాకా వచ్చి పాఠాలు చెప్పబ్బయ్యా' అని హెడ్మాస్టరు కబురంపారు. ఇచ్చేది జీతం కాదు, గౌరవ వేతనం. వేతనం ఎంతో ముందే చెప్పారు. గౌరవం ఎంతో ఎనిమిదో తరగతిలో అడుగుపెట్టాక తెలిసింది.

హాజరు పిలిచాను. ప్రతి పేరుకీ 'ప్రెజెంట్ సార్' అని వినిపించింది. మొత్తం ముప్పై ఎనిమిది. తలలు లెక్కపెడితే ముప్పై ఒకటే! లెక్కల సారుకి తొలి లెక్కే తప్పింది.

పుస్తకం ఏ పేజీ తెరిచినా 'ఇది మా సారు చెప్పేసినాడు' అన్నారు. 'అయితే ఈ లెక్క చెయ్యండి' అంటే 'అంతలోనే కాలిరిగింది గదా సార్' అన్నారు. శుక్రవారం ఆఖరి పీరియడ్ 'మా సారైతే ఆటలకి వదిలేస్తాడు' అంటే నమ్మి రెండు వారాలు వదిలేశాను. మూడో వారం ఆయన్ని పలకరించడానికి వెళ్లి ఆ మాట అంటే, కట్టు కట్టిన కాలు పట్టుకుని మరీ నవ్వారు. ఆయన సర్వీసులో ఒక్క శుక్రవారం కూడా వదల్లేదట!

కృష్ణపట్నం పోర్టు లారీలను రోజూ చూసే పిల్లలు కదా, నాకు 'స్టెప్నీ సారు' అని పేరు పెట్టేశారు. వెనక బెంచీలో ఒకడు మాత్రం ఏ అల్లరీ చేసేవాడు కాదు. నిద్రపోయేవాడు. మొదటి పీరియడ్ నాదే. రోజూ వాణ్ని నిలబెట్టేవాణ్ని. వాడు నిలబడి కూడా నిద్రపోయేవాడు.

ఓ రోజు విలోమానుపాతం చెబుతున్నాను. ఊళ్లో ఎటు చూసినా రొయ్యల గుంటలే కదా, అదే ఉదాహరణ తీసుకుందామని '60 కౌంటు రొయ్య 40 కౌంటు కంటే పెద్దది, కాబట్టి ధర ఎక్కువ' అన్నాను. క్లాసంతా గొల్లుమంది. ఆ నవ్వులకి మెలకువ వచ్చి, వెనక బెంచీవాడు కళ్లు నులుముకుంటూ లేచాడు.

'కౌంటంటే కిలోకి ఎన్ని తూగుతాయో అది సార్. 25 కౌంటంటే ఒక్కోటి 40 గ్రాములు. 50 కౌంటంటే 20 గ్రాములే. కౌంటు పెరిగే కొద్దీ రొయ్య చిన్నది, రేటు తక్కువ.'

విలోమానుపాతాన్ని అంతకంటే బాగా నేనైతే చెప్పలేను. సుద్దముక్క వాడికిచ్చి, నేను బెంచీలో కూర్చున్నాను.

ఆ సాయంత్రం వాళ్ల గుంట దగ్గరికి వెళ్లాను. అప్పుడు తెలిసింది ఆ నిద్ర సంగతి. రాత్రిపూట నీళ్లలో ప్రాణవాయువు తగ్గిపోతూ ఉంటుంది. తెల్లవారుజామున మరీ తక్కువ. ఏరియేటర్లు ఆగాయంటే రొయ్యలు పైకి తేలిపోతాయి. ఆ ఏడాది కరెంటు కోతలు మీకూ గుర్తుండే ఉంటాయి. కరెంటు పోయిన మరుక్షణం డీజిలింజను వెయ్యాలి. తండ్రీ కొడుకులు వంతులేసుకుని కాపలా కాస్తున్నారు. తెల్లవారుజాము వంతు కొడుకుది. అలాంటివాణ్ని నేను నిలబెట్టాను!

'లెక్కలన్నీ గుంట కాడే నేర్చుకుంటుండాడు. ఈ యేటితో బడి మానిపిస్తామనుకుంటుండా' అన్నాడు తండ్రి. ఏం చెప్పాలో తోచలేదు. మంచం మీద మేత డీలరు ఖాతా పుస్తకం కనిపించింది. పోయిన పంట బాకీ అది. వాడి చేతికిచ్చి చూడమన్నాను. యాభై వేలు, నూటికి రెండు రూపాయల వడ్డీ, నాలుగు నెలలు. వాడు వేళ్ల మీద లెక్కేసి 'నాలుగు వేలు' అన్నాడు. పుస్తకంలో నాలుగు వేల ఐదొందలు ఉంది. మర్నాడు తండ్రి వెళ్లి అడిగితే, డీలరు 'పొరపాటు పడింది' అని ఐదొందలు కొట్టేశాడట. తర్వాత బడి మానిపించే మాట ఆ ఇంట్లో వినపడలేదు.

నేను హెడ్మాస్టర్ని బతిమాలి లెక్కల పీరియడ్ని మూడోదానికి మార్పించుకున్నాను. మొదటి పీరియడ్లో ఇంకో సారు వాణ్ని చూసీ చూడనట్టు వదిలేసేవారు.

పదో వారానికి అసలు సారు కర్ర ఊతంతో వచ్చేశారు. 'ఈ పాఠం స్టెప్నీ సారు చెప్పేసినాడు' అని పిల్లలు ఆయనతోనూ అన్నారట. నేను సైకిలెక్కబోతుంటే వెనక బెంచీవాడు పరుగెత్తుకొచ్చాడు. ఏదో కృతజ్ఞతగా అంటాడని ఆగాను.

'ఇంకే సారుకన్నా కాలిరిగితే మీరే రావాల సార్' అన్నాడు.

దీవెనో, శాపమో... ఎవరికి తగలాలో తెలియలేదు గానీ, కళ్లు మాత్రం చెమర్చాయి.